అడ్మినిస్ట్రేటర్ గారి అనుమతి

ఆ వీధిలో అందరూ ఆమెను మైకమ్మ అంటారు. ఎదురుగా అనరు, వెనక అంటారు. ఆమెకు తెలుసు, పట్టించుకోదు. పెద్ద బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పే గొంతు ఆమెది. అద్దాల గది, కిర్రుమనే కుర్చీ, ముందు మూతి సొట్టబోయిన మైకు. చేరిన మొదటిరోజు నోరు తడారిపోయి సగం ఊళ్ళ పేర్లు మింగేసింది. ఏడాది తిరిగేసరికి ఆ గొంతు వింటే చాలు, బెంచీల మీద కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా సంచులు సర్దుకుని లేచేవాళ్ళు. తప్పిపోయిన పిల్లవాడి చొక్కా రంగు ఆమె చెబుతుంటే, ఎక్కడున్నా తల్లి పరుగెత్తుకొచ్చేది. "ఏడవకండి, మీవాడు నా దగ్గరే ఉన్నాడు" అని మైకులోనే చెప్పేది. అలా చెప్పకూడదని పైవాళ్ళు మందలించారు కూడా. ఆమె మానలేదు.

ఆ ఉద్యోగాన్ని ఒక మిషను పట్టుకుపోయింది. ఊళ్ళ పేర్లన్నీ ఒకే రాగంలో, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు చదివే మిషను. రేపటినుంచి రానక్కర్లేదని చెప్పి, చేతిలో కొంత డబ్బు, ఒక గోడగడియారం పెట్టి పంపేశారు. అప్పటినుంచి ఆమె ఎక్కడికి వెళ్ళాలన్నా బస్టాండుకు పోదు. దాని తర్వాతి స్టాపుదాకా నడిచి అక్కడ ఎక్కుతుంది. ఆ మిషను గొంతు చెవిన పడితే ఒళ్ళు మండిపోతుంది, అంతే.

ఇక ఆమె భర్త. ఆయన పనిచేసింది అనుమతులిచ్చే ఆఫీసులో, సూపరింటెండెంటుగా. గోడ కట్టుకోవాలన్నా, మేడమీద గది వేసుకోవాలన్నా, దుకాణానికి బోర్డు తగిలించుకోవాలన్నా ఫైలు ఆయన బల్ల మీదుగా పోవలసిందే. చెయ్యి చాచే మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయనకు కావలసింది వేరే. మనుషులు రావాలి, నిలబడాలి, "సార్, మా ఫైలు..." అని నసగాలి. అప్పుడాయన కళ్ళజోడు పైకి తోసుకుని "పరిశీలనలో ఉంది" అనాలి. ఫైలుకు ఒక కొర్రీ వేస్తాడు, అది తీర్చుకొస్తే ఇంకో కొర్రీ. చివరికి సంతకం పెట్టేవాడే, కానీ ఈలోగా అవతలివాడి తలప్రాణం తోకకొచ్చేది. రిటైరయ్యాక పాపం ఆయన్ని అడిగే నాథుడు లేకపోయాడు. ఇంట్లో కుళాయి తిప్పడానికి ఎవరు అనుమతి అడుగుతారు?

అప్పుడు కంప్యూటర్ వచ్చింది. మైకమ్మను ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డబ్బుతో కొన్నదే, అయినా అట్టపెట్టె విప్పిందీ ఆయనే, ముందు కూర్చున్నదీ ఆయనే. ఆఫీసులో చూసిన పద్ధతి ప్రకారం అందులో రెండు ఖాతాలు పెట్టించాడు. ఒకటి 'ఇల్లు'. వార్తలు చూడటానికి, కరెంటు బిల్లు కట్టడానికి ఇద్దరూ రోజూ వాడుకునేది. రెండోది 'అడ్మినిస్ట్రేటర్'. కొత్తగా ఏ ప్రోగ్రాం వేయాలన్నా, ఉన్నది తీసేయాలన్నా ఈ రెండో ఖాతా పాస్‌వర్డ్ కొట్టి తీరాలి. అది ఆయనొక్కడికే తెలుసు. ఆఫీసులో లాగే దాన్ని నెలనెలా మార్చేవాడు, ఎక్కడా రాసిపెట్టేవాడు కాదు. రాసిపెడితే ఇక రహస్యమేముంది అనేవాడు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. రహస్యం ఎవరి దగ్గర దాస్తున్నాడో వేరే చెప్పాలా?

ఇలా ఉండగా ఒక కంపెనీ మైకమ్మను వెతుక్కుంటూ వచ్చింది. కళ్ళు కనిపించని పిల్లల కోసం కథల పుస్తకాలు చదివించి రికార్డు చేసే కంపెనీ. బస్టాండులో ఆమెను ఎరిగిన కండక్టర్ ఒకాయన చెప్పాడట. ఫోనులోనే ఒక పేజీ చదివించుకున్నారు. అవతలనున్న కంపెనీ అమ్మాయి, "ఇంకో పేజీ చదవరా మేడమ్? పరీక్షకి కాదు, ఊరికే వినాలనిపిస్తోంది" అంది. మైకమ్మ ఆ పేజీ కూడా చదివి, ఫోను పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. తన గొంతు ఇంకా ఎవరికో కావాలన్న మాట విని ఎన్నాళ్ళయిందో.

ఇచ్చిన పుస్తకం ఒక దీవిలో చిక్కుపడిన అక్కాతమ్ముళ్ళ కథ. ఇంట్లో కూర్చునే చదవొచ్చు. కాకపోతే కంపెనీవాళ్ళ రికార్డింగ్ ప్రోగ్రాం కంప్యూటర్‌లో వేసుకోవాలి. నెలాఖరుకు పుస్తకం చేతికొస్తే ఆ తర్వాత వరసగా పుస్తకాలు ఇస్తామన్నారు. రాకపోతే వేరే గొంతులు కాచుకుని ఉన్నాయని కూడా మర్యాదగానే చెప్పారు.

ఆమె ప్రోగ్రాం దింపుకుని, ఇన్‌స్టాల్ చేద్దామని దాని మీద రెండుసార్లు నొక్కింది. తెర మసకబారింది. మధ్యలో ఒక పెట్టె వచ్చింది: అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి, పాస్‌వర్డ్ కొట్టండి. కింద 'అవును' అన్న బటన్ ఉంది గానీ ఎంత నొక్కినా కదలదు. కంపెనీ అమ్మాయికి ఫోన్ చేసింది. ఫైలు మీద కుడి బటన్ నొక్కి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవమంది ఆ అమ్మాయి. మళ్ళీ అదే పెట్టె. వేరే ఫోల్డర్‌లోకి మార్చి చూడమంది. అదే పెట్టె. పోనీ వైరస్‌లు రాకుండా కాపలా కాసే ప్రోగ్రాం ఆపి చూడమంది. దాన్ని ఆపడానికి కూడా పాస్‌వర్డే కావాలట.

"మీ కంప్యూటర్‌కి జబ్బేం లేదు మేడమ్" అంది చివరికి. "మీ ఖాతాకి హక్కు లేదు, అంతే. అడ్మిన్ ఎవరో వాళ్ళొచ్చి ఒక్కసారి పాస్‌వర్డ్ కొట్టి, సెట్టింగ్స్‌లో మీ ఖాతాకి కూడా హక్కిస్తే మళ్ళీ ఈ గొడవే ఉండదు. అడ్మిన్ ఎవరు మీ ఇంట్లో?"

"మా ఆయన."

"అమ్మయ్య! అయితే ఇంకేం!"

ఆ అమ్మాయికి ఇంకా పెళ్ళి కాలేదు కాబోలు.

"ఏమండీ, ఒక్కసారి ఇలా వచ్చి ఆ పాస్‌వర్డ్ కొట్టిపోండి" అంది మైకమ్మ.

ఆయన పేపరు నిదానంగా మడిచాడు. చాలాకాలానికి ఆయన ముఖంలో ఒక కళ వచ్చింది. "ఏం ప్రోగ్రాం? ఎవరిది? దేనికి?"

అన్నీ చెప్పింది.

"ఎవరో పంపారట, ఈవిడ వేసేస్తుందట. లోపల ఏముందో చూసుకోనక్కర్లేదా?"

"చూసుకోండి మరి."

"చూస్తాను. పరిశీలించాలి."

మొదటి కొర్రీ, ఆ కంపెనీ ఆఫీసు ఎక్కడుందో చెప్పమని. చెప్పింది. రెండోది, ప్రోగ్రాంతో పాటు వచ్చే షరతులన్నీ చదవాలని. వాటిని ఈ భూమ్మీద చదివిన మనిషి ఆయనొక్కడే అయ్యుంటాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, రోజుకు కొంత చదివాడు. అది తెమిలాక మూడోది.

"ఇది మైకు వాడుకోవడానికి అనుమతి అడుగుతుందట. మైకు దేనికి?"

"నేను చదివేది దానికి వినపడాలి కదండీ!"

"అదే నేననేది. మనింట్లో మాటలన్నీ వాళ్ళు వింటే?"

"మనింట్లో మాటలు మనకే వినపడవు. వాళ్ళకేం వినపడతాయి?"

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. అది చల్లారడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. నెల జారిపోతోంది. కాళ్ళావేళ్ళా పడితే ఒకరోజు సరేనని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "నువ్వు బయటికెళ్ళు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఎవరూ ఉండకూడదు" అని తలుపు వేసుకున్నాడు. లోపల్నుంచి మీటల చప్పుడు వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వినిపిస్తోంది. చాలాసేపటికి బయటికొచ్చి ముఖం తుడుచుకుంటూ, "ఇవాళ నెట్ బాగాలేదు. రేపు చూద్దాం" అన్నాడు. మర్నాడు అడిగితే నీళ్ళు నమిలాడు. ఇదంతా బెట్టు అనుకుంది మైకమ్మ. అడిగించుకోవడంలో ఉన్న రుచి మళ్ళీ దొరికింది, అంత తేలిగ్గా వదలడు అనుకుంది. అడగడం మానేసింది.

కంపెనీ అమ్మాయే దారి చూపించింది. "కంప్యూటర్‌తో పాటు వచ్చే మామూలు రికార్డర్ ఉంటుంది మేడమ్, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందులోనే చదివి, పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చివ్వండి. ఈ ఒక్కసారికి నేను సర్దుకుంటాను."

ఆయన పొద్దున్నే నడకకు, అటునుంచి అటే పేపర్లు చదివే గదికి పోగానే మైకమ్మ పని మొదలయ్యేది. కిటికీలు మూసేది, ఫ్యాన్ ఆపేది, ఫ్రిజ్ తీగ పీకేసేది, తలుపు కింద సందులో తువ్వాలు దోపేది. చెమటలు కారిపోతుంటే చదివేది. కుక్క మొరిగితే ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి. అక్కకు ఒక గొంతు, తమ్ముడికి ఒక గొంతు, సముద్రానికి కూడా ఒక గొంతు పెట్టింది. తమ్ముడు చీకట్లో అక్కను పిలిచే చోట తనకే గొంతు పూడుకుపోయింది. సరిగ్గా రాలేదని అది మళ్ళీ చదివింది, మళ్ళీ పూడుకుపోయింది, అలాగే ఉంచేసింది. బస్టాండులో అన్నేళ్ళు ఊళ్ళ పేర్లు చదివింది గానీ ఒక మనిషి కథ మొదటినుంచి చివరిదాకా చెప్పడం ఇదే మొదలు. తన జీవితంలో చేసిన మంచి పని ఇదే అనిపించింది ఆమెకు. అది నిజం కూడా.

గడువుకు ముందురోజు పుస్తకం పూర్తయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్తతో చెప్పింది.

"పుస్తకం చదవడం అయిపోయిందండీ. మొత్తం కంప్యూటర్‌లోనే ఉంది. రేపు ఇచ్చేస్తాను. మీ పాస్‌వర్డ్ ఇక అక్కర్లేదు లెండి."

ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది. కానీ అన్నాళ్ళు తిప్పించుకున్న మనిషి ఆ మాత్రం అనదా? ఆయన ముద్ద చేతిలో పట్టుకుని "ఊఁ" అన్నాడు. ఆమె పెన్‌డ్రైవ్ కొనుక్కురావడానికి బజారుకు వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి వాకిట్లో తెలియని చెప్పుల జత ఉంది. కంప్యూటర్ ముందు రిపేరు మనిషి కూర్చున్నాడు. పక్కన భర్త, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. తెర మీద నీలిరంగు తప్ప ఏమీ లేదు.

"రా, రా" అన్నాడు ఆయన హుషారుగా. "నీ ప్రోగ్రాం వేసుకో. అనుమతిస్తున్నాను."

"ఏం చేస్తున్నారు దాన్ని?"

రిపేరు మనిషి తలెత్తాడు. అతనికి ఈ ఇంటి సంగతులేం తెలుసు? "ఏం లేదమ్మా, సార్ అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోయారట కదా, మొత్తం చెరిపేసి కొత్తగా వేశాను. అయిపోవచ్చింది."

మైకమ్మ భర్తకేసి చూసింది. ఆ మూసిన తలుపు, నెట్ బాగాలేకపోవడం, మూడు కొర్రీలు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. బెట్టు కాదు. ఆయనకు మొదటినుంచీ గుర్తులేదు. గుర్తులేదన్న మాట పెళ్ళాంతో అనలేక ఆమెను నెల పొడుగునా తన చుట్టూ తిప్పుకున్నాడు.

"చెరిపేశావా? నేను చదివినవి ఉన్నాయే అందులో! పుస్తకమంతా ఉందే!"

అతను లేచి నిలబడ్డాడు. "నేనడిగానమ్మా. లోపల ముఖ్యమైనవి ఏమైనా ఉంటే తీసి పక్కన పెట్టి చేస్తాను, కాస్త టైం పడుతుందన్నాను. ఏమీ లేవు, ఆవిడ వచ్చేలోపు తెమిల్చెయ్యమన్నారు సార్."

"ఏమీ లేవన్నారా?" అంది భర్తతో.

"ముఖ్యమైనవి అన్నాడు" అన్నాడు ఆయన. "బిల్లులు, కాగితాలు అనుకున్నాను."

"మళ్ళీ రప్పించలేవా నాయనా?" అని అడిగింది రిపేరు మనిషిని. అతను తల అడ్డంగా ఊపాడు. పాతదాని మీదే కొత్తది రాసేసిందట, ఇక దొరకదట.

ఆమె అక్కడే నిలబడి కంపెనీ అమ్మాయికి ఫోన్ చేసింది. వణుకు లేని గొంతుతో, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "పుస్తకం పోయిందమ్మా. మా ఆయన పాస్‌వర్డ్ మర్చిపోయారు. ఆ మాట నాతో చెప్పడానికి నామోషీ వేసి, అంతా చెరిపించేశారు." ఆ అమ్మాయి చాలా బాధపడింది, నిజంగానే బాధపడింది, కానీ గడువు తన చేతిలో లేదంది. పుస్తకం వేరేవాళ్ళకు ఇచ్చేస్తారంది. మళ్ళీ ఎప్పుడైనా ఏదైనా ఉంటే చెబుతానంది. ఆ మాటకు అర్థమేమిటో మైకమ్మకు తెలుసు, బస్టాండు నుంచి పంపేసేటప్పుడూ అలాగే అన్నారు.

ఫోను పెట్టేయగానే భర్త అందుకున్నాడు. "బయటివాళ్ళతో నా సంగతి చెప్పాలా? కంప్యూటర్ చెడిపోయిందంటే సరిపోయేది కదా! ఇతని ముందు కూడా పరువు తీశావు." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె పడిన కష్టం పోయినందుకు కాదు, తన మతిమరుపు బయటపడినందుకు.

పెన్‌డ్రైవ్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పారదర్శకమైన డబ్బీలో, విప్పకుండా.

రిపేరు మనిషి ఎలాగైనా ఇంట్లోంచి బయటపడాలని చూస్తున్నాడు. "అడ్మిన్‌గా ఎవరి పేరు పెట్టమంటారమ్మా?" అని ఆమెనే అడిగాడు. అడిగి, సరేనంటాడా లేదా అని ఆయన ముఖంలోకి చూశాడు.

"నీకే ఇస్తాలే" అన్నాడు భర్త, కళ్ళు తుడుచుకుని, పెద్దమనసుతో. "నీ పేరే పెట్టమంటావా?"

"మీ పేరే పెట్టుకోండి. నేను వేసుకోవలసిన ప్రోగ్రాం ఇక ఏమీ లేదు" అందామె.

ఆయన కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. కొత్త పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఆమెకు కనబడకుండా ఎడమచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.