గవ్వల పెట్టెలూ, కండక్టరుగారి ముక్కూ

మొన్న సాయంత్రం మా కింద వాటాలో ఉండే మందుల షాపాయన ఒక అట్టపెట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఇంటర్ చదువుతున్న ఆయన కూతురు మట్టితో చెవి కమ్మలు చేసి, కాల్చి, రంగులు వేసి, ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్ముతోంది. మొదటిసారిగా పెద్ద ఆర్డరు వచ్చిందట. కొరియర్‌కి ఇచ్చేముందు, ఈ మచిలీపట్నంలోనే ఏళ్ళ తరబడి క్రాఫ్టు టీచరుగా పనిచేసి రిటైరయిన నాకు ఒకసారి చూపిస్తే మంచిదని తండ్రీకూతుళ్ళకు తోచింది. నేను మూత తీసి, రంగు చూడకముందే, పనితనం చూడకముందే, పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూశాను. పాపం, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమన్నా వాసనొస్తోందాండీ?" అన్నాడు. వెనకాల నిలబడ్డ పిల్ల కిసుక్కున నవ్వింది. ఏమీ రావడం లేదని, ఇది నా పాత అలవాటని చెప్పి, కమ్మలు మెచ్చుకుని పంపించాను. ఆ అలవాటు ఎక్కడ పట్టుకుందో ఆ పిల్లకు చెప్పినా అర్థమవుతుందో లేదో గానీ, చేపల గంపలు బస్సెక్కిన రోజులు చూసిన నా ఈడు వాళ్ళకు చెబితే తప్పకుండా అర్థమవుతుంది.

మాది దివిసీమలో సముద్రం అంచున ఉన్న ఊరు. నాన్న పడవ మీద వేటకు వెళ్ళేవాడు, అమ్మ ఆ చేపలను గంపకెత్తుకుని పొద్దున్నే మొదటి బస్సులో అవనిగడ్డ వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి అమ్ముకొచ్చేది. నాకు చిన్నప్పటి నుంచీ ఒడ్డున గవ్వలేరడం పిచ్చి. మిగతా పిల్లలు ఏరి ఆడుకుని పారేసేవారు, నేను మాత్రం రంగుల వారీగా, సైజుల వారీగా డబ్బాల్లో పోసి దాచేదాన్ని, ఆ డబ్బాలు కాలికి తగిలినప్పుడల్లా నాన్న విసుక్కునేవాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా పగిలిన అద్దం చెక్క ఫ్రేముకు గవ్వలు అతికిస్తే బాగుందనిపించి, ఆ తర్వాత మా ఊరి వడ్రంగిని బతిమాలి మిగిలిపోయిన చెక్కముక్కలతో అరచేతంత పెట్టెలు చేయించుకుని, వాటి చుట్టూ గవ్వలు పేర్చి, లోపల దూది పరిచి ఎర్ర మఖమల్ గుడ్డ వేయడం మొదలుపెట్టాను. ఎవరు నేర్పారంటే ఎవరూ నేర్పలేదు. ఒకటి పాడైతే రెండోది ఇంకొంచెం బాగా వచ్చేది, అంతే.

అమ్మ వాటిని చూసి బాగున్నాయని ఒక్కసారి కూడా అన్నట్టు గుర్తులేదు. ఒకరోజు మాత్రం, నన్ను అడక్కుండానే, ఒక పెట్టెను గుడ్డలో చుట్టి నడుముకు దోపుకుని అవనిగడ్డ పట్టుకెళ్ళింది. చేపలు కొనే ప్రతి ఇంటి దగ్గరా, పండుగప్ప చేపను కోసి ముక్కలు తూకం వేశాక, చేతులు కడుక్కుని ఆ పెట్టె తీసి చూపించిందట. కొంటారా అని అడగడం కాదు, ఊరికే చూడమని. సాయంత్రం వచ్చి నడుము తడుముకుని, పెట్టె లేదని చూపించి, ఏమీ ఎరగనట్టు పొయ్యి రాజేసుకుంది. మేడ ఇంటావిడ ముచ్చటపడి ఉంచేసుకుందట.

ఆ మేడ ఇంటావిడ వదినగారికి చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల షాపు ఉండేది. ఆడపడుచు చూపించిన గవ్వల పెట్టె ఆవిడకు నచ్చి, నగలు పెట్టి ఇవ్వడానికి బాగుంటుంది, ముందు ఒక పన్నెండు చేసి తెమ్మనండి, బాగుంటే నెలనెలా తీసుకుంటాం అని కబురు పెట్టింది. సరిగ్గా అప్పుడే నా పదో తరగతి అయిపోయింది. చదివింది చాలు, చేపలు ఎండబెట్టే పనిలోకి రమ్మని నాన్న, ఇంటర్‌లో చేరతానని నేను. మధ్యలో అమ్మ ఒక రాజీ కుదిర్చింది. ఆ షాపువాళ్ళు పెట్టెలు తీసుకుంటే, బస్సుకీ పుస్తకాలకీ ఆ డబ్బే సరిపోతుంది కాబట్టి అవనిగడ్డ కాలేజీలో చేరడం. తీసుకోకపోతే మర్నాటి నుంచే నోరెత్తకుండా చేపలు తిరగేయడం. నాన్న మాట మీద నిలబడే మనిషి. నా చదువంతా ఆ పన్నెండు పెట్టెల్లో ఉందని నాకు తెలుసు.

ఇక్కడ నా పొగరు గురించి చెప్పుకోవాలి. ఆ నెల రోజులూ నేను అమ్మను పెట్టెల మీద చెయ్యి వేయనివ్వలేదు. చేపల వాసన అంటుకుంటుందని. ఆ వాసన నా ముక్కుకు తెలిసి కాదు సుమండీ, బళ్ళో పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకుంటే తెలిసింది. సముద్రం ఊళ్ళో పుట్టినదానికి చేపల వాసన ఎక్కడ తెలుస్తుంది? అమ్మ బజారు నుంచి వచ్చి, చింతపండు రుద్దుకుని, నిమ్మాకులు నలిపి రుద్దుకుని, అప్పుడు నా జడ వేసేది. పెట్టెలు చూడాలనిపించినప్పుడు మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, బారెడు దూరం నుంచి మెడ సాచి చూసేది. నేను పూర్తయిన పెట్టెను పూర్తయినట్టే గుడ్డలో చుట్టి, అమ్మ చెయ్యి తగలకుండా అటక మీద దాచేదాన్ని.

చిలకలపూడి వెళ్ళాల్సిన రోజున అమ్మ చేపల బేరం మానేసింది. కుంకుడుకాయలతో తలంటుకుని, ట్రంకు పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుంది. చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సులో దారి పొడుగునా నా ఒళ్ళో సంచీ వైపు చూస్తూ కూర్చుందే గానీ, దాన్ని పట్టుకుంటానని అడగలేదు.

షాపు వదినగారు మర్యాద గల మనిషి, మమ్మల్ని కూర్చోమంది. నేను కూర్చున్నాను గానీ అమ్మ నిలబడే ఉంది. మొదటి పెట్టెను అటూ ఇటూ తిప్పి, గవ్వల వరసలు వేలితో తడిమి, ఎంత ఓపికమ్మా నీకు అని మెచ్చుకుంది. నా గుండె గాలిలో తేలింది. అంతలో మూత తీసింది. తీసిన చెయ్యి తీసినట్టే ఉంది, మొహం మాత్రం పక్కకు తిరిగిపోయింది.

"నీచు వాసనొస్తోందమ్మా," అంది మెల్లిగా.

నాకు ఒళ్ళంతా మంటెత్తినట్టయింది. బల్ల పక్కన నిలబడ్డ అమ్మ వైపు తిరిగి, నువ్వు బయటికెళ్ళి నిలబడు అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రావడం లేదు. అమ్మ కొంగు ఒంటి చుట్టూ దగ్గరగా లాక్కుని, మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళి ఎండలో నిలబడింది.

వదినగారు రెండో పెట్టె తెరిచింది, మూడోది తెరిచింది. అదే వాసన. అమ్మేమో రోడ్డుకు అవతల ఉంది. అప్పుడావిడ పెట్టెను నా ముక్కు దగ్గర పెట్టింది. ఎంత పీల్చినా నాకు జిగురు వాసన, కొత్త గుడ్డ వాసన తప్ప ఏమీ తెలియలేదు.

"ఇవి ఎక్కడ పెట్టారమ్మా ఇన్నాళ్ళూ?"

"అటక మీదండీ. ఎవరి చెయ్యీ తగలకుండా."

"అటక మీద ఇంకేమున్నాయి?"

"ఏమీ లేవండీ. ఎండు రొయ్యల మూటలు, అంతే."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఎండు రొయ్యలు మా ఇంట్లో ఉప్పూ చింతపండులా ఒక సరుకు. వాటికి వాసన ఉంటుందన్న ఊహే నాకు రాలేదు. నెల రోజులు ఆ మూటల మధ్య పడుకున్న దూదీ మఖమలూ ఆ నీచునంతా పీల్చుకుని, మూత తీయగానే బయటికి వదులుతున్నాయి. అమ్మ చెయ్యి తగలకూడదని దాచిన చోటే కొంప ముంచింది. పనితనం బాగుంది కాబట్టి వచ్చే శుక్రవారం దాకా ఆగుతాననీ, వాసన లేకుండా తెస్తే తీసుకుంటాననీ, లేకపోతే లేదనీ వదినగారు చెప్పింది.

తిరుగు బస్సెక్కాం. చల్లపల్లి దాటాక, తప్పు నాదేననీ, వాసన అటక మీదిదనీ, అమ్మది కాదనీ చెప్పేశాను. అమ్మ కిటికీలోంచి వరి చేల వైపు చూస్తూ విన్నది.

"నా వాసనే అనుకున్నానే," అంది. "ఎంత రుద్దుకున్నా పోలేదు గావాలనుకుని దిగిపోయాను. నాది కాదన్నమాట. పోనీలే."

అమ్మ గొంతులో ఉన్నది కోపం కాదు, ఊరట. దానికే నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నా తల ఒళ్ళోకి లాక్కుని, ఏడిస్తే దూది బాగుపడుతుందా, చేయాల్సింది చూడమంది.

చేయాల్సింది కూడా తనే చూసింది. మా ఊళ్ళో ఎండు చేపలు లేని ఇల్లు ఉండదు కాబట్టి పెట్టెలు మళ్ళీ ఊరి పొలిమేర తొక్కకూడదంది. అవనిగడ్డలో దిగగానే మేడ ఇంటావిడను అడిగి, ఆవిడ డాబా మీద పెట్టింది. నేను వారం రోజులు అక్కడికే వెళ్ళి, పాత దూది, గుడ్డ మొత్తం పీకేసి, ఉత్త చెక్కను నాలుగు రోజులు ఎండలో ఆరబెట్టి, కొత్త దూది పరిచి కొత్త మఖమల్ వేశాను. ప్రతి పెట్టెలోనూ నాలుగు వట్టివేళ్ళు పెట్టమని చెప్పింది అమ్మే. డాబా మెట్ల దగ్గర కూర్చుని గుడ్డ ముక్కలు కత్తిరించి ఇచ్చిందీ అమ్మే. నేనే పిలిచి కత్తెర చేతిలో పెట్టాను.

అన్నీ అయ్యాక అసలు చిక్కు వచ్చింది. వాసన పోయిందో లేదో చెప్పేదెవరు? నా ముక్కు పనికిరాదని తేలిపోయింది. అమ్మ ముక్కూ అంతే. మేడ ఇంటావిడ అసలు లేనే లేదంది గానీ, వారానికి నాలుగు రోజులు చేపల కూర తినే మనిషి, పైగా మా మీద జాలి ఉన్న మనిషి, ఆవిడ మాట ఎలా నమ్మడం?

శుక్రవారం పొద్దున అవనిగడ్డ బస్టాండులో మా ఊరి బస్సు కండక్టరుగారు టీ తాగుతూ కనబడ్డాడు. ఆయన సంగతి చెప్పాలి. చేపల వాళ్ళను వెనక సీట్లోకి తోలేవాడు. గంప నుంచి చుక్క నీరు కారితే బస్సు ఆపేసేవాడు. టికెట్ కొట్టేటప్పుడు కూడా ఒక చేత్తో జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. అమ్మకూ ఆయనకూ రోజూ ఒక వాగ్వాదం. అటువంటి మనిషి ముందుకు అమ్మ తిన్నగా వెళ్ళి, సంచీలోంచి ఒక పెట్టె తీసి మూత తెరిచింది.

"కండక్టరుగారూ, ఈ రూట్లో మీ ముక్కును మించిన ముక్కు లేదు. నా కూతురు చదువు దీంట్లో ఉంది. మొహమాటపడకుండా వాసన చూసి చెప్పండి."

ఆయన అలవాటు కొద్దీ జేబులోంచి రుమాలు తీయబోయి ఆగాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, వంగి, ఒకసారి పీల్చాడు. అనుమానంగా మళ్ళీ పీల్చాడు. పన్నెండూ తెరవమని, వరసగా పన్నెండూ, కోర్టులో జడ్జీగారిలా చూశాడు. నేను ఊపిరి బిగబట్టి ఆయన ముక్కుపుటాలనే చూస్తున్నాను.

"వట్టివేళ్ళమ్మా," అన్నాడు చివరికి. "వట్టివేళ్ళే. ఇంకేం లేదు." టీ గ్లాసు మళ్ళీ అందుకుంటూ, "పిల్లని చదివించు," అన్నాడు.

అప్పుడు వదిలిన ఊపిరి లాంటి ఊపిరి నేను మళ్ళీ జీవితంలో వదల్లేదు. అమ్మయితే బస్టాండులో చెక్కబల్ల మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఒకటే నవ్వు. చిలకలపూడిలో షాపు ముందు దిగాక అమ్మ పోయినసారి గుర్తొచ్చినట్టు మెట్ల దగ్గరే ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను, వదినగారు మూత తీసి మఖమల్ మీద వేలు వేసి నవ్వేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

నేను ఇంటర్‌లో చేరాను. ఆ పెట్టెలు నన్ను టీచరు ట్రైనింగు దాకా మోశాయి, ఆ తర్వాత ఉద్యోగం వచ్చి ఈ మచిలీపట్నం చేరాను. కండక్టరుగారు ఆ తర్వాత కూడా అమ్మను వెనక సీట్లోకే తోలేవాడు, అమ్మ కూడా పోట్లాట మానలేదు. కాకపోతే నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో, అమ్మాయి పుస్తకాలు తడుస్తాయి, గంప ఇటు జరుపు అని మాత్రం అనేవాడు.

ఇప్పుడు కింద వాటాలో ఆ తండ్రి, పిల్ల పక్కనే కూర్చుని కమ్మలు పొట్లాలు కడుతుంటాడు, రంగు అంటిన వేళ్ళతోనే షాపుకు వెళ్తాడు, ఆ పిల్ల ఎవరి ముందూ తండ్రిని బయట నిలబడమనదు. చూస్తే నాకు ఎంతో నిశ్చింతగా ఉంటుంది. కొనేవాళ్ళు ఎక్కడో ఉంటారు, ఫోన్లో బొమ్మ చూస్తారు, ఇంటి వాసన ఎవరికీ తెలియదు.

పట్నంలో ఇన్నేళ్ళు ఉన్నాక నాకు మామూలు మనుషుల ముక్కు వచ్చింది. ఊరు వెళ్తే, బస్సు దిగకముందే ఎండు చేపల వాసన గుప్పున తగులుతుంది, పక్కవాళ్ళతో పాటు నాకూ చెయ్యి ముక్కు దగ్గరకు వెళ్ళబోతుంది. అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. నిమ్మాకులు రుద్దుకుని నా జడ వేసిన ఆ చేతులకు ఇంకా ఏ వాసన మిగిలి ఉండేదో, రోజూ దగ్గర కూర్చున్న నాకు ఒక్కనాడూ తెలియలేదు. తెలిసే ముక్కు నాకు వచ్చేసరికి ఆ చేతులు లేవు. అందుకే ఎవరు ఏ పెట్టె చేతికిచ్చినా, ఆ చేతుల వాసన దొరుకుతుందేమోనని, ముందు ఒకసారి గట్టిగా పీల్చి చూస్తాను.