రెండో అంతస్తు ఆంటీ పుంజు

జీవితంలో ఒక్కసారే మనిషిని కొట్టాను. నా దెబ్బకి వాడు మూడు గజాలు అవతల పడ్డాడని ఇక్కడి మన తెలుగువాళ్ళ విందుల్లో చాలాసార్లు చెప్పాను. మూడు గజాలు అబద్ధం. గడ్డి తడిగా ఉండి జారాడు. వాడితోపాటు నేనూ పడ్డాను. నా కట్టుడు పళ్ళు వాడి చంక కింద దొరికాయి. కొట్టడం మాత్రం నిజం. చెవి మీద, పిడికిలి బిగించి కొట్టాను. వాడు నా చిన్ననాటి స్నేహితుడు, పెళ్ళాంతో సహా నా ఇంటికి అతిథిగా వచ్చినవాడు. డెబ్బై దాటిన మనిషి. నేను వాడికన్నా ఏడాది పెద్ద.

మాది భీమవరం దగ్గర పల్లె. వాడు అక్కడే ఉండిపోయి రొయ్యల చెరువులు చూసుకున్నాడు. నేను సముద్రం దాటి ఈ దేశానికి, సెంబవాంగ్ ఓడల యార్డులో వెల్డింగు పనికని వచ్చి, యార్డుకి దగ్గర్లోనే ఫ్లాటు తీసుకుని ఇక్కడే ముసలాణ్ణయ్యాను. వయసులో ఉన్నప్పుడు వాడు పందెం బరిలో మొనగాడు. కోడి కాలికి కత్తి కట్టాడంటే ఎదుటివాళ్ళు గొణుక్కునేవాళ్ళు. నేనూ అదే బరిలో పేరు మోశానని ఇక్కడ చెప్పుకుంటాను. నేను మోసింది నీళ్ళ బిందె. దెబ్బతిన్న కోళ్ళకి తడిగుడ్డతో నెత్తురు తుడిచేవాణ్ణి.

వాడు వస్తానన్నప్పుడు సంతోషించాను గానీ, ఒక భయం కూడా మొదలైంది. ఎందుకో చెబుతాను.

మా పేటలో అడవికోళ్ళు తిరుగుతాయి. ఎవరివీ కావు. వాటికి మేత వెయ్యడం ఇక్కడ నేరం, పట్టుకోవడం ఇంకా పెద్ద నేరం. మా కింద రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే చైనా ఆంటీ మాత్రం రోజూ పొద్దున్నే పాలడబ్బా మీద చెంచాతో టకటకా కొట్టి, అటూ ఇటూ చూసి, ఒక ఎర్రపుంజుకి దొంగతనంగా గింజలు వేసేది. ఆ టకటక వినపడితే అది ఎక్కణ్ణుంచైనా పరిగెత్తుకొచ్చేది. ఇక్కడ ముసలివాళ్ళు ఒకరికొకరు ఆంటీ, అంకుల్. ఆవిడకి పిల్లల్లేరు, మొగుడు పోయాడు. ఆవిడ పక్కన బల్ల మీద కూర్చుని నేను పేపరు చదువుకుంటూ ఉంటే, అది నా చెప్పుల మీదెక్కి నిలబడేది. రెండేళ్ళ కింద ఓ రోజు వీడియో కాల్లో దాన్ని వాడికి చూపించి, "నా పుంజురా, పిల్లప్పట్నుంచీ నేనే పెంచాను" అన్నాను.

ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. రొయ్యల చెరువులవాడి ముందు నాకూ ఏదో ఒకటి ఉండాలనిపించింది కాబోలు.

దిగిన మొదటి రోజే వాడు ఈ దేశాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. రాత్రి మేడల మీద దీపాల ఆట చూపించాను. "కరెంటు దండగ" అన్నాడు. జూలో పులిని చూపించాను. "దానికి అన్నం పళ్ళెంలో పెడుతున్నార్రా. పులి కాదది, పెన్షనీరు." రైల్లో ఎవరూ గట్టిగా మాట్లాడకపోతే నా చెవిలో అడిగాడు. "ఎవరైనా పోయారేంట్రా?"

"అలా అరవకూడదు ఇక్కడ."

"నువ్వూ అలాగే అయిపోయావు. ఇందాక ఆ తిండి కొట్ల హాకర్ సెంటర్లో ఎవడో నీ భుజం గుద్దుకుని వెళ్తే నువ్వు సారీ చెప్పావు. గుద్దినవాడు వాడు, సారీ నువ్వు. నీ ఒంట్లో నెత్తురుందా, బార్లీ నీళ్ళున్నాయా?"

వాడి భార్య మధ్యలో కలగజేసుకుంది. "ఊరుకోండి. పాపం, అన్నయ్యగారు మనకోసం నాలుగు రోజుల్నించీ తిరుగుతున్నారు."

"తిప్పుతున్నాడే, బతికున్నాడా అని అడుగుతున్నా."

ఐదో రోజు పొద్దున్నే ఆడవాళ్ళిద్దరూ పెద్ద తోట చూసి, అట్నుంచి లిటిల్ ఇండియాకి వెళ్ళి కూరలు తెస్తామని బయల్దేరారు. మేమిద్దరం కిందికి దిగాం. ఆంటీ ఇంకా రాలేదు. ఎర్రపుంజు మెట్ల దగ్గర తిరుగుతోంది. వాడు దాన్ని మొదటిసారి దగ్గర్నుంచి చూసి, మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేశాడు. వంగి దాని కాళ్ళు చూశాడు, కాళ్ళ వెనక ముళ్ళు చూశాడు.

"డేగ పుంజురా ఇది. మేలైనది. దీన్ని పెట్టుకుని నువ్వు పేపరు చదువుతున్నావా?"

కాలవ అవతలి బ్లాకు వైపు నుంచి ఇంకో పుంజు కూసింది. నల్లది. రోజూ ఈ రెండూ కాలవకి చెరో పక్కన నిలబడి తిట్టుకునేవి. ఒక్కరోజూ దాటలేదు.

"దాన్ని నేను పడతాను. నీదాన్ని నువ్వు దింపు."

"వద్దురా, పోలీసులు."

"ఈ టైములో ఎవడొస్తాడు? నీ కోడి కాదేంటి?"

ఇక్కడ నేను ఒక్క మాట అంటే సరిపోయేది. నాది కాదురా, కింద ఆంటీది అంటే చాలు. ఆ నాలుగు మాటలూ అనకుండా జేబులో చెయ్యి పెట్టాను.

వాళ్ళావిడ మాకు తెచ్చిన పలాస జీడిపప్పు నా జేబులో ఉంది. చేతిలో రెండు పలుకులు పెట్టుకుని చాపాను. దాన్ని పట్టడానికి అరగంట పరిగెత్తానని చెబుతుంటాను. పరిగెత్తలేదు. అది నడుచుకుంటూ వచ్చి నా అరచేతిలో తింది. రెండో చేత్తో రెక్కలు అదిమి ఎత్తుకున్నాను. అరవను కూడా లేదు. గుండె మాత్రం నా వేళ్ళకి టపటపా తగులుతోంది.

వాడు కాలవ అవతలికెళ్ళి నల్లదాన్ని తువ్వాలు విసిరి పట్టాడు. అది వాడి మణికట్టు చీరేసింది. నెత్తురు కారుతుంటే వాడి మొహంలో యాభై ఏళ్ళు తగ్గాయి. కారు పార్కు వెనక, కాలవ గట్టు పక్కన, ఎవరూ నడవని గడ్డిలో కూర్చున్నాం. ముక్కులు ఆనించి రెచ్చగొట్టాం. వదిలాం.

మెడలు నేలబారుగా సాచి రెండూ ఒక్క క్షణం కదలకుండా ఉన్నాయి. మెడ ఈకలు గొడుగుల్లా విప్పుకున్నాయి. తర్వాత ఎగిరాయి. గాల్లో తన్నుకున్నప్పుడు తడిబట్ట బండకేసి బాదిన చప్పుడొచ్చింది. మళ్ళీ, మళ్ళీ. నల్లది మెడ కరిచి పట్టుకుని ముల్లుతో పొడుస్తోంది, ఎర్రది కింద నుంచి గుండెల మీద తన్నుతోంది. నెత్తురు చిన్న చిన్న తుంపరలుగా నా పంట్లాం మీద పడింది. నేను బలవంతాన అక్కడ నిలబడ్డానని మా ఆవిడకి చెప్పాను. ఆ మాట కూడా దిద్దుతున్నాను. నేను అరిచాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా నా నోటికి రాని మా ఊరి బూతులన్నీ వరసగా వచ్చాయి. పొడువు, చంపు, గుడ్లు పీకు అని అరిచాను. నా ఒళ్ళు వేడెక్కింది. చాలా బాగుంది.

అప్పుడు నల్లదాని ముల్లు ఎర్రదాని కంట్లో దిగింది.

అది మెడ తిప్పి తిప్పి వెతుక్కుంది. శత్రువు ఏ పక్కనుందో తెలీలేదు. మిగిలిన కంటికి నేను కనపడ్డాను. నా వైపు వచ్చి, నా చెప్పుల పక్కన నిలబడింది.

"చాలు, ఆపు" అన్నాను.

"ఇంకొక్క పట్టు. ఒంటికన్నుతో గెలిచినవి చూశాను నేను. తియ్యి కాలు."

"ఆపమన్నానా?"

వాడు వంగి దాన్ని రెండు చేతుల్తో ఎత్తి మళ్ళీ నల్లదాని ముందు పెట్టాడు. నేను వాడి చెవి మీద కొట్టాను. వాడు నా కడుపులో తలతో కుమ్మాడు. ఇద్దరం పడ్డాం. వాడు నా గొంతు పట్టుకున్నాడు, నేను వాడి తెగిన మణికట్టు నొక్కాను. ఊపిరాడక ఇద్దరం ఈల వేస్తున్నట్టు చప్పుడు చేశాం. అంతా ఓ నిమిషం. అయిదు నిమిషాలని చెప్పినచోటల్లా నాలుగు తీసెయ్యండి.

లేచి చూసేసరికి నల్లది కాలవ దాటి పోయింది. ఎర్రది పక్కకి పడి, కాళ్ళు కొట్టుకుంటోంది. మెడ సగం తెగింది. వాడు దాని దగ్గర కూర్చుని, తల నిమిరి, మెడ పట్టుకుని ఒక్క మెలి తిప్పాడు. కాళ్ళు ఆగిపోయాయి.

"బరిలో పోయిన కోడిని పారెయ్యకూడదు" అన్నాడు. మా వైపు అది రివాజే. పందెంలో చచ్చిన పుంజు కూరకి ఊళ్ళో పోటీ పడతారు. దాని రోషం తిన్నవాడికొస్తుందంటారు. "నీకు అవసరం కూడా" అని చెవి రుద్దుకున్నాడు.

తువ్వాల్లో చుట్టి పైకి తెచ్చాం. స్నానాల గదిలో వాడు ఈకలు పీకి, కాల్చి, ముక్కలు కొట్టాడు. నేను నీళ్ళు పోశాను. ఈ పని నాకు బాగా వచ్చు. కింద నుంచి పాలడబ్బా చప్పుడు మొదలైంది. టకటక. కాసేపు ఆగి మళ్ళీ టకటక. ఆ పొద్దంతా కారు పార్కు వైపు నుంచి, ఆటస్థలం వైపు నుంచి, కాలవ వైపు నుంచి వినపడుతూనే ఉంది.

"పనిమనిషి బాగా శ్రద్ధగలదిరా" అన్నాడు వాడు. మొదటి రోజు పైనుంచి ఆవిణ్ణి చూసి అడిగితే, మేత వెయ్యడానికి నేనే కుదిర్చానని చెప్పాను.

ఆడవాళ్ళు వచ్చారు. మార్కెట్లో నాటుకోడి దొరికిందన్నాం. వాడి చెవి చూసి వాళ్ళావిడ అడిగితే, మెట్ల మీద జారానన్నాడు. మసాలా నూరారు, కూర ఉడికింది, నలుగురం కూర్చున్నాం. ముక్క గట్టిగా ఉంది. నేను ఒకటి నోట్లో పెట్టుకుని ఇంకా నములుతున్నాను, మా ఆవిడ అంది.

"కింద ఆంటీకి ముందే గిన్నెడు ఇచ్చొచ్చాను. పాపం పొద్దుట్నించీ ఏమీ తినలేదుట. కోడి కనపడక తిరుగుతోంది."

మా ఇంటికి ఎవరొచ్చినా, ఏది వండినా, మొదటి గిన్నె ఆవిడకి వెళ్తుంది. అది మా ఆవిడ పెట్టుకున్న నియమం. నేనెలా మర్చిపోయానో.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాను. నేను వెళ్ళేసరికి ఆవిడ గిన్నె మీద మూత కూడా తియ్యలేదని, సమయానికి చేరానని, ఈ కథ తెలిసిన ఇద్దరు ముగ్గురికి చెప్పాను. అది ఇవాళ ఒప్పుకోవాలి. ఆవిడ తింటోంది. మూతలో రెండు ఎముకలు శుభ్రంగా చీకి పెట్టి ఉన్నాయి.

"అంకుల్, మీ ఆవిడకి చెప్పు, ఈసారి కూర చాలా బాగుంది" అంది. తర్వాత అడిగింది. "నా కోడి కనపడిందా?"

ఆవిడా నేనూ మాట్లాడుకునేది వచ్చీరాని బజారు మలయ్ భాషలో. ముందు, రెండు కోళ్ళు వాటంతటవే కొట్టుకున్నాయన్నాను. ఆవిడ చెంచా ఆగింది. ఎక్కడ, ఇప్పుడెక్కడుంది అని లేవబోయింది. అప్పుడు అబద్ధం అయిపోయింది నా దగ్గర. పట్టింది నేనే అన్నాను. నా చేతిలో తింది, వదిలింది నేనే, చచ్చిపోయింది అన్నాను. గిన్నె వైపు చూపించాను. ఆ ముక్క చెప్పడానికి నాకు ఏ భాషా రాలేదు.

ఆవిడ గిన్నె చూసింది. నన్ను చూసింది. ఆ స్టీలు గిన్నెతోనే నా నుదుటి మీద కొట్టింది. పులుసు కళ్ళలో పడి మండింది. ఇంకోసారి కొట్టింది. గిన్నె జారిపోతే చేత్తో కొట్టింది, చెంపల మీద, ఛాతీ మీద. చిన్న మనిషి, ఎనభై దగ్గరుంటాయి, ఒక్కో దెబ్బకీ ఊపిరి తీసుకుని మరీ కొట్టింది. తర్వాత సింకు దగ్గరికి పోయి కక్కుకుంది. నోరు కడుక్కుని, వెనక్కి తిరక్కుండానే అంది.

"మిగిలింది తీసుకురా. మొత్తం."

ఆవిడ పోలీసులకి చెప్పలేదు. మేత వేసినందుకు ముందు ఆవిణ్ణే అడుగుతారు. అది నాకు తెలుసు. పొద్దున కోడిని ఎత్తుకున్నప్పుడు కూడా తెలుసు.

పైకొచ్చి, ముగ్గురి ముందూ చెప్పాను. మా ఆవిడ మిగిలిన కూర గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. వాడు తన పళ్ళెం అవతలికి నెట్టాడు.

"నీదన్నావు కదరా."

"అన్నాను."

"నీది కాదని చెబితే నేను దాని మీద చెయ్యేస్తానా?"

వాడు లేచి, నాలుగు పళ్ళేల్లో ముక్కలూ తనే ఏరి గిన్నెలో వేశాడు.

వాన మొదలైంది. కాలవ గట్టు మీద, గడ్డిలో ఇంకా ఈకలు అంటుకుని ఉన్నచోట, ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాం. నా చేతిలో అట్లకాడ, వాడి చేతిలో గరిటె. వేర్లు అడ్డం పడితే వాడు గోళ్ళతో తెంపాడు. మణికట్టు గాయం మళ్ళీ తెరుచుకుని, మట్టిలో నెత్తురు కలిసింది. ఆంటీ మా నెత్తిన నిలబడి ఉంది. గొడుగు తన ఒక్కదానికే పట్టుకుంది. కూర పోశాం, ఎముకలు వేశాం, మట్టి కప్పాం. ఆవిడ కాలితో ఆ మట్టిని ఒకసారి అదిమి చూసుకుంది.

వాడు నా వైపు వంగి గుసగుసగా అడిగాడు.

"ఒరేయ్, తప్పయిపోయింది, క్షమించమ్మా అని వీళ్ళ భాషలో ఎలా అనాలి?"

"తెలీదురా" అన్నాను.

తెలుసు. రెండే మాటలు. ఇక్కడికొచ్చిన మొదటి వారంలో నేర్చుకున్నాను. నాకంటే ముందు వాడనేస్తాడేమోనని, ఆవిడ వాణ్ణి క్షమించేస్తే నేనొక్కణ్ణే మిగిలిపోతానేమోనని చెప్పలేదు. వాడు ఆవిడకేసి తిరిగి, మట్టి చేతులు జోడించి తెలుగులోనే అన్నాడు. ఆవిడ వాడి చెవి చూసి, మణికట్టు చూసి, తల చిన్నగా ఊపింది. నా వైపు చూడలేదు.

నాలుగు రోజుల తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు. ఆంటీ ఇప్పుడు కింద బల్ల మీద కూర్చోవడం లేదు. నేను రోజూ రెండో అంతస్తు దాకా దిగి, ఆ ఇనుప గేటు ముందు నిలబడి, ఆ రెండు మాటలూ నోట్లో కూడబలుక్కుంటాను. రోజూ అన్నానుగానీ, వారానికి ఒకసారి. ఇంతవరకూ బెల్లు కొట్టలేదు.