చిన్నబాపు పోసుకున్న చన్నీళ్లు

పొద్దున చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్ చూస్తే, మా పుట్టింటి ఇంటిపేరు వాళ్ల గ్రూపులో ఒక చావుకబురు కనబడింది. పాలివాళ్లలో ఒక ముసలాయన పోయాడట. దాని కింద వరసగా దండాల బొమ్మలు, ఆ దండాల కిందనే ఎవరి మనవరాలిదో పుట్టినరోజు కేకు, కేకు కింద చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే, నా ఈడు వాళ్లకైతే చెప్పగానే అర్థమయ్యే ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది.

ఫోన్లలో గ్రూపులు లేని రోజుల్లో, నస్పూర్ బొగ్గుగని ఆఫీసులో టైపిస్టుగా చేస్తూ, మా వంశవృక్షం కోసం నేనొక ఈమెయిల్ గుంపు నడిపాను. ఒకరు రాస్తే అందరికీ చేరేది. ఎవరిని చేర్చాలో ఎవరిని తీసెయ్యాలో నా చేతిలో ఉండేది. పెళ్లయి ఇంటిపేరు మారినదానికి ఈ పెత్తనమెందుకని మావాళ్లు ఎక్కిరించినా, చొప్పదండి దగ్గరి పల్లె నుంచి చెల్లాచెదురైన వాళ్లంతా, కరీంనగర్ పంతుళ్ల దగ్గర నుంచి దుబాయి క్యాంపుల్లో ఉన్న మేస్త్రీల దాకా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి ముత్తాత పేరేమిటని, ఫలానా బాపమ్మ ఏ ఊరి ఆడబిడ్డ అని నన్నే అడిగేవాళ్లు.

ఎవరు పోయినా ఆ రోజే అందరికీ తెలియాలని నియమం పెట్టాను. తంటా అక్కడే వచ్చింది. పాలివాళ్లంటే ఒకే మూలపురుషుడి సంతానం కదా, అందులో ఎవరు పోయినా కబురు విన్నవాళ్లు తలమీద చన్నీళ్లు పోసుకుని సూతకం పట్టాలి, ఇంట్లో శుభకార్యం ఆపాలి. వినకపోతే ఏ బాధా లేదు. నా పుణ్యమా అని, ముఖమెరగని ముసలివాళ్ల కోసం అందరూ స్నానాలు మొదలుపెట్టారు. కరీంనగర్ వదిన వ్రతానికి పీట వేసుకున్నాక కబురు చూసి, పీట ఎత్తేసి, ఫోన్లో నా ఏడు తరాలనూ తిట్టింది. ఆ తరాల పేర్లు ఆమెకు తెలిసిందే నా గుంపు వల్ల.

ఇంత రాసుకున్నా, ఒక కొమ్మను మాత్రం ఎవరూ ముట్టేవాళ్లు కాదు. మోటబావి దగ్గర నీళ్ల వంతు మీద మాట పెరిగి, మా తాతను ఆయన పాలి తమ్ముడే గొడ్డలితో నరికాడు. మొదటి వేటు భుజం మీద పడింది, రెండోది మెడ మీద. తాత బావిలోకి ఒరిగాడు, ఎర్రబడిన ఆ నీళ్లను ఆ ఏడు ఎవరూ పొలానికి పెట్టలేదు. నరికినవాడు జైల్లోనే చచ్చాడు. మావాళ్లు అతని ఇంటికి నిప్పు పెడితే, అతని పెళ్లాం కొడుకును చంకనేసుకుని ఆదిలాబాద్ పారిపోయి, జిన్నింగ్ మిల్లులో పత్తి మోసి బతికింది. మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, అప్పటికింకా బాపమ్మ కడుపులో ఉన్నాడు. కన్నతండ్రి ముఖమే చూడని ఆ మనిషి, ఆ పగను అన్నంలో కలుపుకుని తిని పెరిగాడు.

ఒకరోజు ఆదిలాబాద్ నుంచి ఒక అమ్మాయి మెయిల్ వచ్చింది. ఇంటిపేరు మాదే. ఆమె రాసిన తాత పేరు మా తాతను నరికినవాడిది. ఊరి మాటెత్తితే తన తండ్రి ఏడుస్తాడని, ఎందుకో ఎవరూ చెప్పరని రాసింది. జరిగిందంతా ఆమెకు రాశాను; అయినా చేరతానంది. ఎవరినీ అడగకుండా చేర్చాను, ఇప్పటికీ అది తప్పనుకోను.

ఆ తర్వాత గుంపులో వచ్చినన్ని బూతులు నా జన్మలో చదవలేదు. చిన్నబాపు కొడుకు దుబాయి నుంచే నరుకుతానని రాశాడు, తండ్రికి ఫోన్ చేసి కూడా చెప్పాడు. ఆ వారంలోనే చిన్నబాపు కట్టె పట్టుకుని మా క్వార్టరుకొచ్చి, కంప్యూటర్ ముందు నిలబడ్డాడు.

"మా బాపును నరికినోని మనుమరాలికి నువ్వు చుట్టరికం రాసిస్తవా?"

"నువ్వు పలగ్గొడితే గీ డబ్బా పలుగుతది చిన్నబాపు, పుటక మారుతదా?" అన్నాను. నాకూ నోరు తక్కువ కాదు.

కంప్యూటర్ అద్దం ముక్కలైంది. కట్టె నా మీదికీ లేచింది కానీ దిగలేదు.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి తండ్రి, వరసకు నాకు పెద్దబాపు, మా తాత చనిపోయిన చోట దండం పెట్టుకుంటానని వచ్చాడు. నేనే వెంటబెట్టుకుపోయాను. బావి దగ్గర టెంకాయ కొడుతుండగానే చిన్నబాపు వచ్చి వెనక నుంచి కట్టెతో బాదాడు. పెద్దబాపేమీ దేవుడు కాడు, తిరిగి గుద్దాడు. అరవై దాటిన ఇద్దరు మనుషులు బురదలో దొర్లి, కొరుక్కుని, గొంతులు పిసుక్కున్నారు. పెద్దబాపు చెయ్యి ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. విడదీయబోతే ఎవరి మోచెయ్యో తగిలి నా పెదవి చీలింది, ఆ మచ్చ ఇంకా ఉంది. దవాఖానలో పోలీసులకు చెప్పమంటారా అని డాక్టరు అడిగితే, పెద్దబాపు తల అడ్డంగా ఊపాడు.

"బావికాడ జారిపడ్డ సారూ. మా తమ్ముడే పట్టుకొచ్చిండు."

తలుపు దగ్గర నెత్తురు నోటితో నిలబడ్డ చిన్నబాపు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ వాళ్లిద్దరూ కలవలేదు.

కొన్నేళ్లకు చిన్నబాపు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి ముందురోజు ఆదిలాబాద్ నుంచి ఆ అమ్మాయి కబురు పంపింది. పెద్దబాపు పోయాడు. సెలవు మీద వచ్చిన చిన్నబాపు కొడుకు నాకు ఫోన్ చేసి, వాళ్ల చావుకు మనకేం సూతకం, గుంపులో పెట్టకు అన్నాడు. పెట్టాను. పెట్టినా లాభం లేకపోయింది. మరునాడు చదివినవాళ్లంతా ఏమీ ఎరగనట్టు వచ్చి, వంటల వాసన పీలుస్తూ కూర్చున్నారు. చిన్నబాపుకు ఎవరూ చెప్పలేదు. నాకు మనసు ఆగలేదు. పెదవి మీది మచ్చను కొంగుతో కప్పుకుని, కొడతాడనే అనుకుంటూ, దగ్గరికి పోయి చెప్పాను.

చిన్నబాపు పెరట్లోకి నడిచి, కట్టుకున్న కొత్త పంచె మీదనే బకెట్టెడు చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకున్నాడు. నీళ్లు కారుతూనే వంటవాళ్ల దగ్గరికి వచ్చాడు.

"పొయ్యిలు ఆర్పుండ్రి. మా అన్న పోయిండు."

కూర్చున్నవాళ్లంతా తలలు దించుకుని, ఒకరి వెనక ఒకరు ఆ బకెట్టు దగ్గరికి వెళ్లారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ గుంపు ఎప్పుడో మూతపడింది, చిన్నబాపూ లేడు. ఇవ్వాళ చాయ్ వదిలేసి లేచి చన్నీళ్లు పోసుకున్నాను. పొద్దున్నే ఎందుకత్తమ్మా అని కోడలు అడిగింది. ఎవరో పోయారన్నాను. ఎవరని అడిగితే, నాకూ ముఖం గుర్తులేదు. మావాళ్లు నరుక్కున్నారు, ఎముకలు విరగ్గొట్టుకున్నారు, అయినా ఒకరి చావు ఇంకొకరి నెత్తిన చల్లగా పడేది. ఇప్పుడు గ్రూపులో ఎవరూ ఎవరినీ తిట్టరు, ఎవరి మీదా కట్టె ఎత్తరు. ఎవరు పోయినా ఎవరి తలా తడవదు.