సెట్టు గడ్డి వేలంపాట

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. నా గుర్రం గుడ్డిది కూడా కాదు, సినిమా నటి. ఫిల్మ్‌నగర్‌లో దానిమీద ఠీవిగా ఎక్కి, అది రెండడుగులు వేయగానే నా భుజం పట్టుకుని దిగిపోయిన మహారాజులు ఎందరో. పోలీస్ యాక్షన్ తర్వాత ఒక నవాబుగారి గుర్రపుశాల మూతపడితే మా నాన్న రావలసిన జీతం కింద ఒక ఆడగుర్రాన్ని తోలుకొచ్చాడట. ఇది దాని మనవరాలు. గోధుమరంగు, కాస్త పొగరు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డి దొరక్క దాని పక్కటెముకలు బయటపడ్డాయి. సోమవారం హీరో గుర్రమెక్కి వచ్చే సీను ఉంది. ఎముకలు కనబడితే వేరే గుర్రాన్ని పిలుచుకుంటామనీ, తమ హీరో కరువు సీమ నుంచి వచ్చినట్టు ఉండకూడదనీ ప్రొడక్షన్ మేనేజరు మర్యాదగానే చెప్పాడు. ఇక్కడ ఒకసారి పిలుపు తప్పితే మళ్ళీ ఎవరూ పిలవరు. నాకు నిజంగానే భయం పట్టుకుంది.

సరిగ్గా ఆ శనివారమే జూబ్లీ హిల్స్ గుట్ట దిగువన పల్లెటూరి సెట్టు విప్పారు. పనైపోయాక సామాను అక్కడికక్కడే వేలం వేయడం వాళ్ళ ఆనవాయితీ. తలుపులు పోయాయి, గుడి స్తంభాలను ఇద్దరు మనుషులు చంకలో పెట్టుకుని పోయారు. చివరికి గడ్డివాము మిగిలింది. ఏం రంగు, ఏం నిగనిగ! నాకే నోరూరింది.

పోటీకి యూసఫ్‌గూడ నుంచి వచ్చిన బర్రెల ఆసామి ఒక్కడే. అతను పిడికెడు గడ్డి తీసి వాసన చూశాడు, నావైపు ఒకసారి చూశాడు, పక్కకు జరిగి బీడీ వెలిగించాడు. నా పాటకు జడిశాడనుకున్నాను. నాకు మీసం లేదు గానీ ఉంటే మెలేసేవాణ్ణే. మూడోసారి అనగానే, ఇంత మేలురకం గడ్డి బర్రెలకెందుకులే అని అతనికి వినపడేలా కూడా అన్నాను.

ఇంటికి తెచ్చి ముందు వేస్తే, నా గుర్రం ఒక్కసారి వాసన చూసి వెనక్కి తిరిగి నిలబడింది. బతిమాలాను, బెల్లంనీళ్ళు చల్లాను, తిట్టాను. అప్పుడు నా చేతులు చూసుకున్నాను. మోచేతుల దాకా పసుపు. వాము కెమెరాలో మెరవాలని ఆర్టు డిపార్టుమెంటువాళ్ళు మొత్తానికి రంగు కొట్టారు. స్తంభాలు థర్మాకోలని, సింహాసనం అట్టముక్కని తెలిసిన నేను గడ్డి దగ్గర బోల్తాపడ్డాను.

ఆదివారం తలవంచుకుని యూసఫ్‌గూడ వెళ్ళాను. తెలిసీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు సినిమావోనివి గదన్నా. షూటింగుకే కొంటున్నవనుకున్న. గుర్రానికని ఎర్కుంటే చెప్పకపోదునా?" అన్నాడు ఆసామి. తన బర్రెలు ఒక పూట తక్కువ తింటాయిలే అని రెండు మోపులు నాకెత్తాడు. నాకు సిగ్గేసింది.

గుర్రం ఆ గడ్డిని చాలాసేపు వాసన చూశాకే నోట పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు కథకు తెల్లగుర్రం కావాలని దీనికి ఒళ్ళంతా రంగు కొట్టారు. నాలుగు రోజులు గోడకు ఒళ్ళు రుద్దుకుంటూ అల్లాడిపోయింది. రంగు కొడుతుంటే కదలకుండా కళ్ళెం పట్టుకున్నది నేనే. ఆ వాసన అది మరిచిపోలేదు, నేను మరిచిపోయాను.

రెండు మోపులకు ఎముకలు దాగవు కదా. సోమవారం మేనేజరు గుర్రాన్ని ఎగాదిగా చూసి పెద్ద మనసు చేసుకున్నాడు.

"పర్లేదండీ, కాస్త రంగు కొట్టేస్తే ఎముకలు కనబడవు," అన్నాడు.

స్ప్రే డబ్బా తెస్తుంటే గుర్రం చెవులు వెనక్కి వాల్చింది. నేను కళ్ళెం తిప్పాను. మేనేజరు వెనకనుంచి ఏదో అంటూనే ఉన్నాడు.

జూబ్లీ హిల్స్ మీదుగా ఇంటికి వస్తుంటే, ఎవరో పెద్ద నిర్మాత బంగళా ముందు, ఊరంతా కరువైనా తడుపుతూ పెంచిన పచ్చిక కనబడింది. గుర్రం ఆగింది. నేనూ ఆగాను.