మైకును బోర్లోకి దించిన అన్న

ఈ నెల మొదట్లో ఒక పొద్దున వదిన ఫోన్ చేసి, "మీ అన్న పోయిండు, జల్ది రా" అంది. ఇంకో మాట లేదు. దవాఖానకు తీసుకెళ్లేలోపే గుండె ఆగిందట. సాయంత్రానికల్లా మంచాల ఊరి దగ్గర వాళ్ల చేనులోనే మట్టి చేశారు.

ఆయన నాకు సొంత అన్న కాదు. ఇబ్రహీంపట్నంలో నేను పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. ఆయన బరాత్ ఊరేగింపులకు డీజే పెట్టేవాడు. ఏదో పనిమీద మా స్టూడియోకు వచ్చి, నా కంప్యూటర్ ఫ్యాను చేసే గరగర విని గుమ్మంలోనే ఆగిపోయాడు. "చెల్లె, దీన్ని జర బాగు చేయించకు. మస్తుగున్నది" అన్నాడు. ఆ తర్వాత మేం పెట్టుకున్న బ్యాండు మొదటి పాట ఆ ఫ్యానే. నవ్వుకోండి, నేనూ నవ్వాను.

మేం చేసిన సంగీతం ఎలాంటిదో మా అమ్మకు ఇప్పటికీ చెప్పలేను. రాళ్ల క్రషర్ల మోత, పిండి గిర్నీ, నాదర్‌గుల్ మీద చక్కర్లు కొట్టే శిక్షణ విమానాలు, ఇవన్నీ రికార్డు చేసి, ముక్కలు కోసి, కంప్యూటర్లో తాళానికి పేర్చేవాళ్లం. దీన్ని బయటి దేశాల్లో ఇండస్ట్రియల్ సంగీతం అంటారని తర్వాత తెలిసింది. అన్నకు ఆ పేరు నచ్చలేదు. "ఇండస్ట్రీల పని చేస్తె జీతమన్న వస్తది. మనకేమొస్తది?" అనేవాడు.

వాళ్ల చేనులో నీళ్లు పడని బోర్లు చాలా ఉండేవి. వాళ్ల నాయన బోరు వెనక బోరు వేయించి, ఆఖరుకు విసిగి మానేశాడు. అన్న ఆ బోర్లలోకి తాడు కట్టి మైకు దించేవాడు. నేను గట్టు మీద చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేదాన్ని. లోపల ఏం వినిపిస్తుందనుకున్నారు? ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. మొదటిసారి హెడ్‌ఫోన్స్ లాగి కింద పడేశాను. "భయపడకు. మా బాపు కష్టమంత గాడనే ఉన్నది. గదే మాట్లాడుతున్నది" అన్నాడు అన్న, మామూలుగానే.

ఇలాంటి బ్యాండ్ల బతుకు ఏ దేశంలోనైనా ఒకటేనట. ముగ్గురు స్నేహితులు మొదలుపెడతారు, వినేవాళ్లు ఉండరు. అన్న, నేను, కీబోర్డు వాయించే ఇంకొకతను, మాకూ అంతే. హైదరాబాద్‌లో ఒక పబ్బు వాళ్లు పిలిస్తే వెళ్లాం. మేం వాయిస్తుంటే మేనేజరు పరుగున వచ్చి, స్పీకర్లు చెడిపోయాయా అని అడిగాడు. ఆ తర్వాత జర్మనీలో ఎవరో ఒకాయన, ఇంట్లోనే క్యాసెట్లు తయారుచేసుకునే మనిషి, నెట్‌లో విని, మా పాట ఒకటి పదిమంది పాటలతో కలిపి విడుదల చేశాడు. పైసలకు బదులు క్యాసెట్లే పంపాడు. వినడానికి అన్న దగ్గర టేప్‌రికార్డరు కూడా లేదు. అయినా బస్టాండు హోటల్లో అందరికీ చూపించి చాయ్ తాగించాడు.

ఆ కీబోర్డు అతను సినిమా పని దొరికి వెళ్లిపోయాడు. మిగిలిన మేమిద్దరం, జనం కాస్త ఊగేలా ఉంటే బాగుంటుందని ఒక ఆల్బమ్ చేశాం. ముందు నుంచి వినే నలుగురూ తిట్టారు, కొత్తవాళ్లు రాలేదు. ఆపైన ఏళ్ల తరబడి ఏమీ లేదు. "మనం ఆగిపోలె చెల్లె. ఎవ్వలు ఇంటలేరు, గంతే" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మహా మొండి. మా పాటల్లో మనిషి గొంతు ఉండకూడదు. దగ్గు పడినా కోసేసేవాడు. "మనిషి మాట పెడితె జనం గదే ఇంటరు. మిషన్ను ఇనరు" అనేవాడు. వాట్సాప్‌లో గొంతుతో చెప్పమంటే బొటనవేలి బొమ్మ పంపి ఊరుకునేవాడు.

అన్న పోయినప్పటి నుంచి ఊళ్లో ఏ మోటారు మొదలైనా తలెత్తి చూస్తున్నాను. గిర్నీ ముందు నుంచి నడుస్తుంటే, ఎవరో పక్కనే నిలబడి "ఆగు, ఇను" అంటున్నట్టు ఉంటుంది. నిజంగానే ఆగుతున్నాను.

దినాలు అయ్యాక వదిన స్టూడియోకు వచ్చింది. మా పాటలు ఏనాడూ చివరిదాకా వినలేదు ఆమె. కుర్చీ అంచున కూర్చుని, "ఇన్నేండ్లు గిన్ని పాటలు చేసిన్రు గదా. వాటిల్ల ఆయన గొంతు యాడనన్న ఉన్నదా? మొన్నటిదాంక చెవుల్నే ఉండె. ఇప్పుడు యాదికొస్తలేదు. మొత్తం మర్చిపోతనేమో అని ఫికరైతుంది" అంది.

చేసిన పాటల్లో లేదని నాకు తెలుసు. కంప్యూటర్ ఆన్ చేశాను. అదే పొద్దున జర్మనీ ఆయన సందేశం కూడా వచ్చింది, అన్న పోయిన కబురు ఎక్కడో చూశాడట. మీ అన్న పాటలు ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు, మిగిలిన రికార్డింగులు ఉంటే పంపండి అని. ఇలాంటి బ్యాండ్ల కథలో ఆఖరున జరిగేది ఇదే, మనిషి పోయాక పిలుపు. నాకు ఒళ్లు మండింది. జవాబివ్వలేదు.

కోతలు వేయకముందటి పాత రికార్డింగులు తెరిచాను. క్రషర్లు, గిర్నీలు, విమానాలు. ఒక్కొక్కటీ ఇద్దరం విన్నాం. అన్న ఎక్కడా లేడు. ప్రతిచోటా అప్పుడే లేచి అవతలికి వెళ్లినట్టు ఉంది. వదిన కొంగు సర్దుకుని లేవబోయింది. "ఇదొక్కటి" అని బోరులో తీసింది పెట్టాను.

ముందు తాడు రాసుకుంటున్న చప్పుడు. తర్వాత ఆ ఊపిరి. ఆ తర్వాత చాలా ఎత్తు నుంచి, నేల మీద నుంచి లోపలికి జారుతూ అన్న గొంతు వచ్చింది.

"ఇనవడుతుందా?"

ఆ రోజు అడిగింది నన్ను, గట్టు మీద కూర్చున్న నన్ను. నేను తల ఊపి ఉంటాను.

వదిన స్పీకరు మీదికి వంగి, "ఆఁ, ఇనవడుతుంది. చెప్పు" అంది.

అందులో ఇంక మాటలు లేవు, ఆ ఊపిరి తప్ప. ఆపబోయాను. వదిన నా చేయి పట్టుకుంది. స్పీకరుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఆయన చెప్పేదాకా కదలనన్నట్టు కూర్చుంది.