కోడెకు పెట్టని ఉలవలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పహిల్వాన్ తయారవుతుండేవాడు. ఆయన మా చిన్నాయన, నాన్నకు తమ్ముడు. పగలు మూకండపల్లిలో ఫ్యాక్టరీ పని, సాయంత్రం హోసూరు గరిడీలో కుస్తీ కసరత్తు. ఆయన మత్తిగిరి వీధిలో నడిచొస్తుంటే పక్కింటి పిల్లల ముందు నేను తల ఎగరేసేదాన్ని.

ఆయన కోరిక ఒకటే. మా ఊరి జాతరలో పెళ్ళికాని మగపిల్లలు పెద్ద గుండ్రాయిని భుజానికెత్తి వెనక్కి పడేస్తారు. మా తాత ఎత్తాడట, మా నాన్న ఎత్తలేకపోయాడట. ఇంటి పరువు ఇప్పుడు చిన్నాయన మీదుంది.

గరిడీలో ఎవరో ఎద్దు తిండి తింటే ఎద్దు బలం వస్తుందన్నారట. పశువులు మేపే ఇంట్లో పుట్టినవాడికి ఆ మాట వేదమైపోయింది. పొద్దున్నే గిన్నెడు నానిన ఉలవలు, పచ్చి గుడ్లు, సాయంత్రం చెనక్కాయలు. సంగటి తింటే ఒళ్ళు బరువెక్కుతుందని దాన్ని ముట్టడం మానేశాడు. కొద్దిరోజులకే కడుపు తప్పెటలా బిగిసింది. గుండు ఎత్తబోతే తేన్పులు, ఇక ఆ మిగతా శబ్దాల సంగతి చెప్పనక్కర్లేదు! గరిడీలో అందరూ నవ్వారు. ఇక జాతర మాటే ఎత్తొద్దని ముసుగుతన్ని పడుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మా అవ్వ ఒక్క మాట తిట్టలేదు. సంతలో కొత్తగా కొన్న కోడె కొట్టంలో ఉంది. గంపెడు ఉలవలు తెచ్చి కొడుకు చేతికిచ్చి, "అంతా దీనికి పెట్టేయప్పా, బిరీన బలం రావల్ల" అంది.

చిన్నాయన అదిరిపడ్డాడు. "నీకేమన్నా పిచ్చా అమ్మా! నిన్న మొన్న వచ్చిన కోడె. పిడికెడుతో మొదలుపెట్టి, గడ్డిలో కలిపి, నీళ్ళు బాగా తాపల్ల. ఇంత పెడితే ఉబ్బి పడిపోతాది!"

"అట్లనా? కోడె మీదుండే దయ నీ కడుపు మీద లేదేమప్పా?"

ఆయన గంపను చూశాడు, తన కడుపును చూసుకున్నాడు. తర్వాత పకపకా నవ్వాడు. నవ్వేసరికి కడుపు పట్టేసి "అమ్మా" అంటూ చతికిలబడ్డాడు. మర్నాటి నుంచి సంగటి, మజ్జిగ, ఉడికించిన ఉలవలు పిడికెడు. కడుపు కుదుటపడ్డాక ఉలవలు కొంచెం కొంచెం పెంచుకున్నాడు, గుడ్లు ఉడికించుకుని తిన్నాడు. మళ్ళీ గరిడీకి పోయాడు.

జాతర రోజు గుండు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. నా ఊపిరీ ఆగింది. చిన్నాయన ఒక్క కేక వేసి దాన్ని భుజానికెత్తి వెనక్కి పడేశాడు. నేను గొంతు పోయేలా అరిచాను. ఏ ఉస్తాదు దగ్గర నేర్చినావని జనం చుట్టూ మూగితే, ఆయన గుంపులో ఉన్న మా అవ్వను చూపించి, "మాయమ్మ మేపినాదప్పా" అన్నాడు. ఎవరికీ బెదరని అవ్వ ఆ మాటకు కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. వాళ్ళు మొండికేసినప్పుడు నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసి, వాళ్ళ తప్పు వాళ్ళకే కనబడేలా, బాగా తెలిసిన పని ఒకటి చేతిలో పెట్టి ఊరుకుంటాను. కాసేపటికి వాళ్ళే నవ్వుకుంటూ వచ్చి, ఇంత ఉపాయం నీకు యాడ నుంచి వచ్చిందవ్వా అంటారు. నేను ఎవరి మనవరాలిననుకుంటిరప్పా అంటాను.