విజిలమ్మ మార్చేసిన పిచ్చర్

మా కోచ్‌ని ఎదురుగా మేడం అనేవాళ్ళం, చాటున విజిలమ్మ అనేవాళ్ళం. మెడలో విజిల్ లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు కాలేజీలో ఒక్కరూ లేరు. ఇంట్లో కూడా అది తియ్యదని, వంటింట్లో కుక్కర్‌తో పోటీకి దిగుతుందని వాళ్ళత్తగారు నాతో చెప్పి తెగ నవ్వేది.

ఇరవై రెండేళ్ళు ఆవిడ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టుకి కోచ్. ఇరవై రెండేళ్ళూ తాత్కాలికమే. సెలవులు అయిపోయేముందు ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తే మరో ఏడాది ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. అది చేతికందేదాకా ఆవిడ అన్నం సహించక తిరిగేది. ఎవరైనా అడిగితే మాత్రం వస్తుందిలే అని చెయ్యి ఊపేసేది. వాళ్ళాయనకి వేరే ఊరు బదిలీ అయితే జట్టుని వదిలి రానని మొండికేసింది. పాపం ఆయన పదకొండేళ్ళు శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కాడు.

ఆ ఆట పేరే వినని పిల్లల చేత ఆ ఆట ఆడించాలి. ప్రతి ఏడూ మొదటి వారం కాలేజీ మెట్ల మీద నిలబడి వచ్చేపోయే అమ్మాయిల చేతుల వంక చూసేది. పరుగెత్తి బస్సెక్కే పిల్ల కంటబడిందా, ఇక వెంటపడేది. నన్ను పట్టుకున్నది క్యాంటీన్లో. బల్ల మీంచి జారిన గ్లాసుని గాల్లో అందుకున్నాను, అదే నా నేరం. ఆటలంటే నాకు చిరాకు. అయినా సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్ళాను. వెళ్ళకపోతే మర్నాడు క్లాసు గుమ్మంలోకొచ్చి నిలబడుతుందని భయం. అలా, విసిరిన బంతిని పట్టే క్యాచర్నయ్యాను.

మా గది జిమ్ వెనక, మెట్ల కింద ఉండేది. కిటికీ లేదు. చెమటపట్టిన తోలు వాసన. ఇనప బీరువా తలుపు మోకాలితో నెడితే గానీ పడేది కాదు. చినిగిన గ్లౌజుల్ని చెప్పులు కుట్టే సూదితో ఆవిడే కుట్టేది, కుడుతూ మమ్మల్ని తిట్టేది.

మా పిచ్చర్, అంటే బంతి విసిరే పిల్ల, సన్నగా ఉంటుందని చీపురుపుల్ల అని పిలిచేవాళ్ళం. సాఫ్ట్‌బాల్లో బంతిని తల మీంచి విసరరు. చెయ్యి గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, తొడ పక్క నుంచి వదలాలి. ఇలా కిందనుంచి విసిరితే భుజానికి ఏమీ కాదని ఆ రోజుల్లో మా ఆటలో అందరి నమ్మకం. విజిలమ్మకి వాళ్ళ కోచ్ చెప్పాడు, ఆవిడ మాకు చెప్పింది. అందుకని ఎన్ని మ్యాచులైనా ఒక్క పిచ్చర్నే ఆడించేవారు. ఒక ఏడాది కప్పు పోటీల్లో నాలుగు రోజుల్లో ఏడు మ్యాచులు, ఏడూ చీపురుపుల్లే విసిరింది. మూడో రోజు నుంచి బంతి నా గ్లౌజులో పడే దెబ్బ తగ్గింది. పిచ్చర్ చెయ్యి సంగతి అందరికంటే ముందు క్యాచర్ అరచేతికి తెలుస్తుంది. నాకు తెలిసింది. నోరు కుట్టేసుకున్నాను. గెలుస్తున్నాం కదా మరి!

కప్పు గెలిచాం. ఆ ఏడు ఆవిడ కాగితం వారం ముందే వచ్చింది. చీపురుపుల్ల మాత్రం ఆ తర్వాత తన జడ తను వేసుకోలేకపోయింది. ఆపరేషన్ చేశారు, భుజం లేవలేదు.

విజిలమ్మ ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేది. వాళ్ళమ్మ ఒక్క మాట అనలేదు, కూర్చోమనీ అనలేదు. గుమ్మంలో నిలబడి పిల్లని పలకరించి తిరిగొచ్చేది. వాళ్ళు ఇల్లు మారేదాకా, మూడేళ్ళు. నేను ఒక్కసారి వెంట వెళ్ళి, ఇక నా వల్ల కాదన్నాను. తప్పంతా తన ఒక్కదాని నెత్తిన వేసుకుంది. నా అరచేతి సంగతి నేను చెప్పలేదు.

చదువయ్యాక ఆవిడే నన్ను తనకి సహాయంగా పెట్టించింది. నాదీ ఏడాది కాగితమే. అప్పటినుంచి జట్టుకి ఎప్పుడూ ఇద్దరు పిచ్చర్లు. ఒక్కో పిల్ల వేసిన ప్రతి బంతినీ నేను లెక్కపెట్టాలి, ఇన్ని బంతులే అని ఆవిడ పెట్టిన గీత దాటితే ఆట ఏ స్థితిలో ఉన్నా మార్చేయాలి. మార్చి మార్చి పదహారేళ్ళు ఓడిపోయాం. వాళ్ళత్తగారు గడపలోనే, ఇవాళ కూడానా, అని అడిగేది.

పోయినేడాదికి ముందు ఏడు కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. ఈసారి కప్పు రాకపోతే సాఫ్ట్‌బాల్ ఎత్తేస్తానని మొహం మీదే చెప్పాడు. ఆ ఏడే మాకు గడుగ్గాయి దొరికింది. ఆ పిల్ల నోటికి, చేతికి ఆగే గుణం లేదు. బంతి వదిలితే గాలి కోసుకుంటూ వచ్చేది. ఫైనల్‌కి చేరాం. ఆట ఏడు ఇన్నింగ్సులు, ఐదు అయ్యేసరికి మేమే ఒక పరుగు ముందున్నాం. గడుగ్గాయి బంతుల లెక్క గీతకి ఇంకా చాలా దూరంలో ఉంది.

ఆరో ఇన్నింగ్స్ ముందు మా క్యాచర్ కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుంటోందని, చెయ్యి వేడెక్కడానికి వేసే నాలుగు బంతులు నేను పట్టాను. నా అరచేతికి దెబ్బ తేలికగా తగిలింది. ఈసారి నోరు కుట్టుకోదల్చుకోలేదు.

"మేడం, బంతి తేలికైంది. నా చేతికి తెలుస్తోంది" అన్నాను.

ఆవిడ మరో మాట అడగలేదు. పిల్ల దగ్గరికి వెళ్ళింది. నొప్పేమీ లేదని, ఒట్టని, కావాలంటే ఇంకో పది వేసి చూపిస్తానని గడుగ్గాయి బతిమాలింది. అప్పట్లో చీపురుపుల్ల కూడా నొప్పి లేదనే చెప్పింది. విజిలమ్మ ఆ పిల్ల చేతిలోంచి బంతి తీసుకుని రెండో పిచ్చర్‌కి ఇచ్చింది. రెండు పరుగుల తేడాతో ఓడిపోయాం.

నాలుగో రోజున ఆవిణ్ణి ఆఫీసుకి పిలిచారు. వెళ్ళిన మనిషి టీ చల్లారేలోపు తిరిగొచ్చింది. జట్టు లేదు, ఆవిడకిక కాగితం రాదు. నన్ను మాత్రం హ్యాండ్‌బాల్‌కి మారుస్తారట. ఆవిడ బీరువాలోంచి తన సామాను తీసుకుంటుంటే, నేను బంతులు సంచిలో వేస్తుంటే, గడుగ్గాయి గదిలోకి వచ్చింది. చేతిలో స్కాన్ రిపోర్టు.

"చదవండి మేడం. నా చెయ్యి శుభ్రంగా ఉంది. ఏమీ కాలేదన్నారు."

విజిలమ్మ రెండుసార్లు చదివింది. మంచిదమ్మా, జాగ్రత్తగా చూసుకో, అంది. ఆ పిల్లకి ఇంకా ఒళ్ళు మండింది. ఫైనల్ చూడ్డానికి రాష్ట్ర జట్టు సెలెక్టర్లు వచ్చారట, గెలిచిన జట్టు పిచ్చర్నే తీసుకున్నారట. మళ్ళీ అలాంటి అవకాశం ఎప్పుడొస్తుందని అడిగింది. అడుగుతూనే ఏడ్చేసింది.

"నా లెక్క ఇంకా గీత దాటలేదు. ఎవరో చెప్పబట్టే మార్చారు. ఎవరు చెప్పారు మీకు?"

నా చేతిలో బంతి చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరూ చెప్పలేదు. నాకే అనిపించింది" అంది విజిలమ్మ.

"మీకు అనిపించినందుకు నా ఆట పోయింది" అని ఆ పిల్ల రిపోర్టు లాక్కుని వెళ్ళిపోయింది. తలుపు దగ్గర నా భుజం పట్టుకుని, వస్తానక్కా, అంది.

పిల్ల అటు వెళ్ళగానే నేను ఉండబట్టలేకపోయాను. ఎందుకలా చెప్పారు మేడం, చెప్పింది నేను కదా, అన్నాను. ఆవిడ విజిల్ తాడు మెడలోంచి తీసి చేతి సంచిలో పడేసుకుంది.

"నువ్వింకా ఇక్కడ ఉద్యోగం చెయ్యాలి కదే. ఆ పిల్లని నీ జట్టులోకి తీసుకో. మంచి చెయ్యి" అంది.

తీసుకున్నాను. రెండేళ్ళుగా గడుగ్గాయి నా దగ్గరే హ్యాండ్‌బాల్ ఆడుతోంది, నోరారా అక్కా అంటుంది. అప్పుడప్పుడు బస్టాపులో విజిలమ్మ కూరల సంచితో ఎదురవుతుంది. ఆ పిల్ల చటుక్కున మొహం తిప్పుకుని, పదక్కా, అని నా చెయ్యి లాగుతుంది. నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అయినా దాని వెంట నడుస్తాను.